కేసెట్టులో గొంతు

మృదంగం వాయించేవాణ్ణి కచేరీకి పిలిస్తే వాడు మొదట అడిగేది శ్రుతి ఎంత అని. పాడేవాళ్ళ గొంతు ఏ ఎత్తులో నిలబడుతుందో దాన్నిబట్టి మృదంగం మోసుకెళ్ళాలి. నా దగ్గర హెచ్చు శ్రుతికొకటి, తగ్గు శ్రుతికొకటి ఉన్నాయి. గౌరీశ్వరిని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆవిడది నాలుగు శ్రుతి, ఆడగొంతుల్లో బాగా కిందిది. అందుకే ఆవిడ మల్కాపురంలో మా ఇంటికొచ్చి, "అన్నయ్యా, రేపు కచేరీకి అయిదు శ్రుతి మృదంగం తేవాల" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

"అయిదులో ఎవులు పాడతన్నారు?" అన్నాను.

"నానే" అంది తల వంచుకుని.

ఎందుకో నాకు తెలుసు. తెలుసు కాబట్టే మండింది.

గౌరీశ్వరి మొగుడు గురునాథరావు, నేను పోర్టులో ఒకే సెక్షను. వాణ్ణి నేను బావా అంటాను కనక ఆవిడ నాకు చెల్లెలు. భీమిలిలో కనకరత్నమ్మగారి దగ్గర పన్నెండేళ్ళు సంగీతం నేర్చుకుంది. నేర్చుకున్న కీర్తనలు పాడుకుంటూ ఊరుకోక, తనే పాటలు రాసి మోహనలోనో ఆభేరిలోనో బాణీ కట్టేది. పాటలు బంగారం. గొంతు మాత్రం కాస్త బొంగురు. చిన్నప్పుడు పేరంటాల్లో పాడితే "ఎవులే ఆ మొగగొంతు" అని అమ్మలక్కలు నవ్వేవారట. ఆ నవ్వు ఆవిడ లోపల ముల్లులా ఉండిపోయింది.

ఎనభై నాలుగులో మొదటి కేసెట్టు చేసింది. నేనే వాయించాను. అన్ని పాటలూ తన నాలుగు శ్రుతిలోనే హాయిగా పాడింది. తీరా చూస్తే కేసెట్టులో పట్టలేదు. రికార్డింగు చేసినతను ఒకటి రెండు చరణాలు కొయ్యమన్నాడు. ఈవిడ కుదరదంది. "సరే, నేను సర్దుతాలెండి" అని అతను మిషను మీద ఏదో మీట తిప్పి, టేపు వేగం పెంచి ఎక్కించేశాడు. టేపు పరిగెత్తితే పాట తొందరగా అయిపోతుంది, గొంతు కూడా నాలుగు శ్రుతి నుంచి అయిదుకి లేస్తుంది. కేసెట్టు బయటికొచ్చేసరికి నలభై దగ్గరపడుతున్న గౌరీశ్వరి గొంతు పదహారేళ్ళ పిల్ల గొంతైపోయింది.

"ఇది నీ గొంతు కాదు సెల్లమ్మా, మళ్ళీ సేయిద్దాం" అన్నాను.

"సేయిద్దాం అన్నయ్యా" అంది.

ఈలోగా కేసెట్టు ఊళ్ళో పడింది. ద్వారకానగర్ కేసెట్ల కొట్లో పొద్దస్తమానం అదే మోగేది. విన్నవాళ్ళంతా కోకిల అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి ఆ మాట ఎవరూ అనలేదు. ఇక మళ్ళీ చేయించే ఊసు ఆవిడ ఎత్తలేదు. లోకం అంత తియ్యగా పొరబడుతుంటే సరిదిద్దడానికి ఎంత గుండె కావాలి!

భీమశంకరరావుగారని గోదావరి జిల్లా ఆయన, పోర్టులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఆ కేసెట్టు వినందే ఆయనకు కాఫీ దిగదు. ద్వారకానగర్‌లో తన మేడ మీది హాల్లో సాయంత్రం కచేరీ పెట్టారు. మైకు లేదు, జంపఖానాలు పరిచారు. నలభై మంది దాకా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూచున్నారు. అందరూ కేసెట్టు విని వచ్చినవాళ్ళే. విననిది ఒక్క కనకరత్నమ్మగారు. గురువుగారు లేని కచేరీ ఏమిటని భీమశంకరరావుగారే భీమిలికి మనిషిని పంపి పిలిపించారు. గోడకి జారబడి కూచున్న ఆవిణ్ణి చూడగానే గౌరీశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది. కుడితిలో పడ్డ ఎలుక కూడా అంత గింజుకోదు.

"ముందు కేసెట్టులో ఓ పాట విందామండి, ఆ తర్వాత ఎదురుగా వినడం మన అదృష్టం" అని భీమశంకరరావుగారు టేప్ రికార్డరు నొక్కారు.

కనకరత్నమ్మగారు కళ్ళు మూసుకుని, వేళ్ళతో తాళం లెక్కపెడుతూ విన్నారు. పాట అయ్యాక కళ్ళు తెరిచి, "పాట మా పిల్లదే. ఆ మలుపులు దానివే. పాడిందెవులు నాయినా?" అన్నారు.

పెద్దావిడకి చెవి మందగించిందనుకుని అందరూ నవ్వారు. "మీ శిష్యురాలేనండీ!" అన్నారు భీమశంకరరావుగారు. కనకరత్నమ్మగారు నవ్వలేదు. గౌరీశ్వరి వైపు చూశారు. గౌరీశ్వరి శ్రుతిపెట్టె సర్దుకుంటున్నట్టు తల దించేసింది. ఆవిడ పక్కన కూచున్నందుకు నాకే తల కొట్టేసినట్టయింది.

అయిదు శ్రుతిలో మొదలుపెట్టింది. పల్లవి గట్టెక్కింది. అనుపల్లవిలో మెడనరాలు పైకి తేలాయి. చరణంలో గొంతు పై పంచమం మీదికి ఎక్కబోయి, పాతగుడ్డ చిరిగినట్టు చీలిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ చీలింది. ఆగిపోయింది.

"నిన్నటేల నుంచి జలుబండీ" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ ఒక్కమాటతో హాలంతా లేచింది. భీమశంకరరావుగారి భార్య గంగాభవానిగారు మిరియాల పాలు కాచి తెచ్చారు. ఎవరో పటికబెల్లం ఇచ్చారు. "గాలి పడదమ్మా" అని ఒకాయన కిటికీలు మూసేశాడు, ఇంకొకాయన ఫేను ఆపేశాడు. మే నెల విశాఖపట్నం ఉక్క మీకు తెలియంది కాదు. లేని జలుబు కోసం నలభై మంది చెమటలు కక్కుతూ, ఒక్కరైనా విసుక్కోకుండా, ఆవిడ పాలు తాగుతుంటే జాలిగా చూస్తూ కూచున్నారు. తిడితే పడొచ్చు గానీ, మోసపోయినవాళ్ళు చేసే సేవ పడలేం. గోడ దగ్గర కనకరత్నమ్మగారు కొంగుతో విసురుకుంటున్నారు. గౌరీశ్వరి అది చూసింది.

గ్లాసు పక్కన పెట్టి శ్రుతి నాలుగుకి దించేసింది. నా మృదంగం ఇక దండగ. దాన్ని పక్కకి నెట్టి తొడ మీద తాళం వేశాను. అదే పాట మళ్ళీ మొదలుపెట్టింది. బావిలోంచి చేదతో తోడినట్టు ఆ గొంతు నిండుగా పైకొచ్చింది. చరణం నదురూ బెదురూ లేకుండా పాడింది. ఇన్నేళ్ళుగా పక్కన వాయిస్తున్నవాణ్ణి, నాకే ఒళ్ళు జలదరించింది.

పాట అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. కానీ ఆ చప్పట్లు ఎలాంటివో వెంటనే అర్థమైంది.

"పాపం, గొంతు ఎంత పాడైపోయిందో!" అంది ముందువరసలో ఒకావిడ.

"ఇంత జలుబులోనూ పాడారు, అది చాలండి" అన్నారు భీమశంకరరావుగారు కళ్ళు తుడుచుకుంటూ. "నయమయ్యాక మళ్ళీ పెట్టుకుందాం. మీ అసలు గొంతు అప్పుడు విందాం."

గౌరీశ్వరి ముఖం నల్లబడిపోయింది. అప్పటికైనా నమస్కారం పెట్టి లేచి వచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నేను లేవబోయాను కూడా.

"జలుబు లేదండి" అంది. మళ్ళీ చెప్పింది. "నాకు జలుబు లేదు. అబద్ధం సెప్పాను. నా గొంతు ఇదేనండి. కేసెట్టులోది టేపు తొందరగా తిప్పితే వచ్చింది. మీరు బాగుందన్నారు, నాను ఊరుకున్నాను."

భీమశంకరరావుగారు టేప్ రికార్డరు వంక, ఆవిడ వంక మార్చి మార్చి చూశారు. "అయితే రోజూ పొద్దున్నే నేను వింటున్నది..." అని ఆపేశారు. పెద్దమనిషి, అంతకుమించి అనలేదు. అనుంటే బాగుండేది.

గౌరీశ్వరి లేచి వెళ్ళి కనకరత్నమ్మగారి ముందు కూలబడింది.

"ఏటే, నీ గొంతుకి నీకు సిగ్గేసిందా?" అన్నారావిడ మెల్లగా.

"సిగ్గేసిందమ్మా."

"నా గొంతూ అదే గదే. పన్నెండేళ్ళు నా ఎదురుగా కూసుని, ఎలాగ ఇన్నావే దాన్ని?"

ఆ మాటలు హాలంతా వినబడ్డాయి. అవును, అదే గొంతు. బొంగురుగా, నిండుగా, కింద నుంచి వచ్చే గొంతు. గౌరీశ్వరి ఏడుస్తూ ఆవిడ కాళ్ళు పట్టుకోబోయింది. కనకరత్నమ్మగారు కాళ్ళు చీరకిందికి లాగేసుకున్నారు.

"ఇప్పుడొద్దు. ఎల్లి పాడు. సిగ్గు పోయేక కాదు, సిగ్గుతోనే పాడు."

గౌరీశ్వరి వచ్చి నా పక్కన కూచుంది. నాలుగులోనే ఉన్న శ్రుతిపెట్టె దగ్గరికి లాక్కుంది. మేమెవ్వరం కదల్లేదు, ఆవిడ ముఖంలోకి చూడ్డానికి మాకే సిగ్గేసింది.