ఇంజన్ లేని జీపు

'జీపు అమ్ముతాం' అని అట్టముక్క మీద బొగ్గుతో రాసి బానెట్‌కి తగిలించి, పక్కనే వంటింటి పీట వేసుకుని కూర్చుని ఉన్నాను, ఎప్పటినుంచి కూర్చున్నానో తెలియదు, ఇది మా పెరట్లోని రేకుల షెడ్డే అనుకుంటున్నాను గానీ పైన రేకులు లేవు, చుట్టూ మిలిటరీవాళ్ళు పాత బళ్ళు వేలం వేసే మైదానం, కనుచూపు మేర ఆకుపచ్చ లారీలు, వాటి మధ్యన దండెం కట్టి ఉంది, దండెం మీద నా చీరలు ఆరుతున్నాయి. ఇందులో వింతేమీ కనిపించడం లేదు నాకు. బేరగాళ్ళు వస్తున్నారు, జీపు చుట్టూ తిరుగుతున్నారు, చక్రాల్లేని ఇరుసుల కింద పెట్టిన ఇటుకలు చూసి మూతి విరిచి వెళ్ళిపోతున్నారు. పోతే పొండి, మీ మొహాలకి ఇదొక్కటే తక్కువ అని లోపల్లోపల తిట్టుకుంటున్నాను.

ఒకాయన మాత్రం పోవడం లేదు. వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరాడు, ఖాకీ ప్యాంటు అంచులూ పగిలిన మడమలూ మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, చలికాలంలో ఆ మడమలకి కొబ్బరినూనె రాసింది నేనేనని గుర్తుంది గానీ, మనిషెవరో గుర్తు రావడం లేదు.

"చాసిస్ గట్టిదేనండి," అంటాను, అమ్మేవాళ్ళ గొంతు తెచ్చిపెట్టుకుని. "బాడీ కూడా అప్పటిదే. చిన్న చిన్న పనులున్నాయంతే. సరదా ఉన్నోళ్ళు చేయించుకుంటారు."

"చిన్న పనులా?" అంటాడు కిందనుంచి. "ఇంజనేదమ్మా?"

"అదొక్కటే నేదండి."

"ఇంజన్ నేని జీపుని ఎవుడు కొంటాడే, పైడీ?"

ఆ పిలుపుతో తెలుస్తుంది. గౌరునాయుడు బావ. నా మేనమామ కొడుకు, నా మొగుడు, పోయిన మాఘంలో విజయనగరం బస్టాండులో బస్సెక్కబోతూ మెట్టు మీదే కుప్పకూలిపోయిన మనిషి. జీపు కిందనుంచి లేచి వచ్చి ప్యాంటుకి చేతులు తుడుచుకుంటున్నాడు, నేను ఎన్నిసార్లు కసిరినా మానని అలవాటు, చచ్చిపోయినా మానలేదు. సంతోషం రావాలి కదా. నాకు కోపం వస్తోంది. చచ్చిపోయినందుకు కాదు, అది ఎవరి చేతిలోనూ లేనిది, చెప్పాల్సింది చెప్పకుండా పోయినందుకు.

"ఎవుడు కొంటాడని నన్నడుగుతావేటి? ఇంజన్ ఎక్కడెట్టినావో నువ్వు సెప్పు ముందు."

బావ బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూస్తాడు. ఇంజన్ ఉండాల్సిన చోట కిందనున్న నేల కనిపిస్తుంది, ఆ నేల మీద ఎండిన ఆకులు.

సర్వీసంతా మిలిటరీ బళ్ళ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి, రిటైరై వచ్చేటప్పుడు అందరూ ఇంటికి ఫ్రిజ్జులూ సూట్‌కేసులూ తెచ్చుకుంటే ఈయన వేలంలో ఈ తుప్పు జీపు తెచ్చాడు. ఏ యుద్ధంలో తిరిగిందో, వాళ్ళకి పనికిరాక వదిలించుకున్నది. మరలన్నీ విప్పి, నా పాత చీరలు చింపి మూటలు కట్టాడు, ఏ చీర గుడ్డలో ఏ భాగం మరలున్నాయో ఆయనకే తెలియాలి. దసరాకి బండి ఒళ్ళంతా విప్పి ఉంది, ప్లగ్గులు కూడా ఊడదీసి ఉన్నాయి. ఆయుధపూజ నాడు బండికి పూజ చేయకపోతే ఎలాగని పసుపూ కుంకుమా పెట్టి, చక్రాలు లేవు కాబట్టి ఇటుకల దగ్గర నిమ్మకాయలు పెట్టి, ఇంజన్ నెత్తినే కొబ్బరికాయ కొట్టి నీళ్ళు దాని మీద పోశాడు. ప్లగ్గుల కన్నాల్లోంచి ఆ నీళ్ళన్నీ లోపలికి దిగాయి. మెకానిక్కు చేయాల్సిన పనేనా అది? భక్తి ముంచుకొచ్చినప్పుడు మెకానిక్కులు కూడా మామూలు మనుషులే. చూసుకునేసరికి కార్తీకం వచ్చేసింది, లోపల తుప్పు పట్టి ఇంజన్ బిగుసుకుపోయింది.

సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నేను మా అక్కని చూడడానికి బొబ్బిలి వెళ్ళిన రోజు చూసి, ఇంజన్ దింపించి ఆటోలో ఎక్కించి ఎక్కడికో పట్టుకెళ్ళి బాగుచేయడానికి ఇచ్చేశాడు. తిరిగొచ్చి అడిగితే, "వొస్తాదిలే, వొచ్చినాక నిన్నెక్కించుకుని కోట చుట్టూ తిప్పుతాను," అన్నాడు. ఏ ఊరో, ఏ షాపో, ఎవడి చేతికిచ్చాడో అన్నీ ఆయనతో పాటే బస్టాండులో పోయాయి.

"మూడూళ్ళు తిరిగినాను బావా," అంటాను. "విజయనగరంలో ప్రతి లేత్ షాపుకీ ఎల్లినాను. విశాఖపట్నం ఎల్లినాను. పార్వతీపురం కూడా ఎల్లినాను. మా దగ్గర నేదంటారు, మాకు తెలవదంటారు. నన్ను చూస్తే ఒకడు నవ్వినాడు కూడా."

"ఎవుడాడు?" అంటాడు కోపంగా, ఇప్పుడే వెళ్ళి తన్నేట్టు.

"ఎవుడయితే ఏటి? హైదరాబాదు నుంచి ఒకాయన వొచ్చినాడు. ఇలాంటి బళ్ళనే మళ్ళీ తిరిగేలాగ సేయించుకుంటాడంట. మన జీపుని చూసి ఎంత ముచ్చటపడ్డాడో. దీని సొంత ఇంజన్ దొరికితే కబురెట్టమ్మా, మీ ఆయన అనుకున్నట్టే నిలబెడతాను, నేకపోతే నాకక్కర్నేదన్నాడు. ఇల్లుగలాయన స్థలం అమ్ముకున్నాడు, రేపు నేను కాళీ సెయ్యాల. ఈ సాయంత్రం పాతినుము కొనే తవుడు వొచ్చి దీన్ని ముక్కలు కోసీసి తూకానికి పట్టుకుపోతాడు. ఇప్పుడైనా సెప్పు."

బావ మొహం మాడిపోతుంది. జీపు తలుపు మీద చెయ్యి వేసి నిమురుతాడు, అక్కడ తుప్పు గీకి ఆకుపచ్చ రంగు వేయడం సగంలో ఆగిపోయింది.

"పద," అంటాడు.

నడుస్తున్నాం. మైదానం ఎప్పుడు అయిపోయిందో తెలియదు, లారీల వరస కాస్తా షాపుల వరస అయిపోయింది, అన్నిటికీ షట్టర్లు దించి ఉన్నాయి, రోడ్డు మీద గ్రీజు, నా చెప్పులు అతుక్కుపోతున్నాయి, బావ నాకంటే ముందు నడుస్తున్నాడు, ఎప్పుడూ అంతే, ఆయన పక్కన నడవాలంటే నేను పరుగెత్తాలి. ఇంజన్ దొరికిపోతుంది, ఇంకొక్క షాపు, దొరికిపోతుంది. ఒక షట్టర్ ముందు ఆగి వంగి దాన్ని పైకెత్తుతాడు.

లోపల నా వంటిల్లు. స్టవ్వు మీద పొద్దుటి చారు.

"ఇది కాదు," అంటాను.

ఇంకోటి ఎత్తుతాడు. బొబ్బిలిలో మా అక్క వాళ్ళ వసారా, అక్క బియ్యం ఏరుతోంది, మమ్మల్ని చూడదు. ఇంకోటి ఎత్తుతాడు. మా పడకగది, నేను కట్టి పెట్టుకున్న సామాన్ల మూటలు. మరొకటి ఎత్తుతాడు, నన్ను చూసి నవ్విన లేత్ షాపువాడు లోపల కూర్చుని అన్నం తింటున్నాడు, వాడి వెనక ఇంజన్ లేదు. ఎన్ని ఎత్తినా నేను చూసినవే, నేను వెళ్ళొచ్చినవే, నేను తిరిగి తిరిగి ఒట్టిచేతులతో వచ్చేసినవే.

"బావా, నేను ఎరగని షాపు తియ్యి. నువ్వు ఎల్లిన షాపు తియ్యి."

ఆయన షట్టర్ వదిలేసి నా వైపు తిరుగుతాడు. చేతుల నిండా తుప్పు. ఈ మనిషి ఏడవడం ఎప్పుడూ చూడలేదు నేను, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు, ఇప్పుడు కళ్ళు నిండి ఉన్నాయి.

"నాకేటి తెలుసే, పైడీ?" అంటాడు. "నువ్వు ఎరిగినంతే నాకూ తెలుసు. నువ్వు ఎరగనిది ఇప్పుడు నాకెవుడు సెప్తాడు?"

అప్పటికి అర్థమవుతుంది నాకు. ఈ మాట అంటున్నది ఆయన కాదు. ఆయన గొంతుతో నేనే. చూపిస్తున్నది నేనే, వెతుకుతున్నది నేనే, ఇన్ని నెలలు కళ్ళు మూసుకుంటే చాలు ఒక్కసారి కల్లోకి వచ్చి చెప్పిపోడా అని ఎదురుచూశాను, వచ్చాడు, వచ్చి నా దగ్గరున్నదే నాకు పెడుతున్నాడు. ఇక ఆ షాపు ఏ నిద్రలోనూ దొరకదు. నిజంగా చచ్చిపోయాడు మా బావ. ఆ సంగతి ఇవాళ తెలిసినట్టు రోడ్డు మీద చతికిలబడి ఏడుస్తున్నాను.

"లే," అంటాడు. "ఏడిస్తే బండి కదుల్తాదేటి? రా, ఎక్కు."

ఎక్కడికి ఎక్కమంటున్నాడో తెలియదు గానీ, కూర్చుని చూసుకుంటే జీపులోనే ఉన్నాను, సీటు లేదు, ఒట్టి రేకు, చల్లగా తగులుతోంది, స్టీరింగు నా చేతుల్లో ఉంది. చుట్టూ షాపులూ లేవు, మైదానమూ లేదు, తెల్లగా మంచు కమ్ముకుని ఉంది. బావ తలుపు బయట నిలబడి వంగి నా కాళ్ళు చూస్తున్నాడు.

"ఎడంకాలు క్లచ్ మీదెట్టు."

"ఇంజన్ నేదు బావా."

"పెట్టవే అంటే! ఎప్పుడు ఏటి సెప్పినా ఎదురే." పెడతాను. "కిందికంటా నొక్కు. అలాగ. నేను ముందుకెల్లి హేండిల్ తిప్పి బండి స్టార్ట్ సేస్తాను. నేను సెప్పేవరకూ కాలు ఒగ్గకు. ఒగ్గీసినావా, అంతే, ఆగిపోద్ది. మళ్ళీ నా వల్ల కాదు."

"ఎంతసేపు?"

"సెప్పేవరకూ."

జీపు ముందుకి వెళ్తాడు. బానెట్ ఎత్తి ఉంది, మనిషి కనిపించడు. కాలు కిందికంటా నొక్కిపట్టి కూర్చున్నాను. పిక్క లాగుతోంది. హేండిల్ తిరుగుతున్న చప్పుడేమీ లేదు, పిలుస్తాను, బావా, అంటాను, అయిందా, అంటాను, పలకడు, దిగి చూద్దామంటే కాలు తియ్యాలి, తీస్తే ఆగిపోతుంది, నాకు భయంగా ఉంది, బావా, ఒక్క మాట పలుకు, ఉన్నానని చెప్పు, నొక్కిపట్టే ఉన్నాను.

కళ్ళు తెరిస్తే కిటికీలోంచి సాయంత్రపు ఎండ. గోడవైపు తిరిగి పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉన్నాను. బయట లారీ ఆగి ఉంది, ఇనుము కోసే గ్యాస్ సిలిండరు దింపి పెరట్లోకి దొర్లించుకుపోతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా," అని తవుడు షెడ్డు దగ్గర్నుంచి కేకేస్తున్నాడు. "ముందర ఏ పక్క కొయ్యమంటారు?"

నా ఎడమ పాదం మంచం పట్టెని తన్నిపట్టి ఉంది. పిక్క రాయిలా బిగుసుకుపోయి నొప్పి పుడుతోంది. కాలు కొంచెం వెనక్కి తీసుకుంటే ఆ నొప్పి పోతుందని తెలుసు.

"అమ్మా, వినిపించిందా?"

వినిపించింది. కాలు తియ్యలేదు.