రెండు పన్నెండుల మధ్య

ఓడ ఎక్కి అది పదకొండో రోజు. ఆ రోజు ఏ రేవూ లేదు. చుట్టూ నీళ్ళు, పైన ఎండ, ఏడో అంతస్తు డెక్కు మీద వాలుకుర్చీలో టైలరమ్మ. ముప్ఫై ఆరేళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషి. వీపు ఆనించి కూర్చోవడం అంటే ఏమిటో ఈ పూటే తెలిసింది పాపం. కుట్టుమిషను ముందు వేసుకునే స్టూలుకి వీపు ఎక్కడేడుస్తుంది?

పక్కనే ఆవిడ మొగుడు, రిటైరైన స్టేషన్ మాస్టరు, నిలబడి ఉన్నాడు. ఆయన కూర్చోడు. ఆయన చేతిలో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. అది ఆ రోజు టైమ్‌టేబులు. ఆరుకి నడక, ఏడుకి టిఫిను, ఎనిమిదిన్నరకి కాగితం పూలు చేయడం నేర్పే క్లాసు, పదింటికి డాన్సు పాఠం. డాన్సట! మోకాళ్ళు కిర్రుమంటుంటే డాన్సు!

"అమ్మని ఒక్కరోజైనా కాళ్ళు చాపుకుని కూర్చోనివ్వండి నాన్నా" అని మరీ మరీ చెప్పి కూతురు టికెట్లు కొనిచ్చింది. ఆ ముక్క ఆయన చెవిన వేసుకుంటేగా! పది రోజుల్లో టైలరమ్మ ఓడంతా తిరిగింది. సముద్రం ఒక్కటే చూడలేదు.

"లే, లే. పన్నెండుకి జంటల పోటీ. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినవాళ్ళకి. మన పేర్లు ఇచ్చేశాను."

"నేను రాను."

ఆయనకి నచ్చని మాట వినబడితే జేబులోంచి గడియారం తీసి చూసుకుంటాడు. ఇప్పుడూ తీశాడు. "పదకొండూ నలభై. నడక ఎనిమిది నిమిషాలు, మెట్లకి రెండు. ఆలస్యం అయిపోతోంది." ఆలస్యం అన్న మాట ఆయన నోట బూతుతో సమానం.

"రానన్నాను కదండీ. ఇవాళ ఈ కుర్చీలోంచి లేవను. సముద్రం చూస్తాను."

"ఏముంది చూడ్డానికి? నీళ్ళేగా!"

"ఆ నీళ్ళే చూస్తాను."

ఇంతలో మైకు మోగింది. పొద్దుట్నించి అది మూడోసారి. ఇన్నాళ్ళూ ఒడ్డు వెంబడి వచ్చిన ఓడ నిన్న పడమటికి తిరిగి నడిసముద్రంలోకి వచ్చింది. అందుకని పన్నెండు కాగానే అందరూ గడియారాలు పదకొండుకి తిప్పుకోవాలి. పన్నెండు మళ్ళీ వస్తుంది. పోటీలూ భోజనాలూ అన్నీ కొత్త టైము ప్రకారమే.

"వింటున్నారా?" అంది టైలరమ్మ.

"విన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఈ గడియారం ఒక్క నిమిషం వెనక్కి పోలేదు. ఓడ ఎటు తిరిగితే టైము అటు తిరుగుతుందా? విడ్డూరం! నువ్వు వస్తావా, నేనొక్కణ్ణే వెళ్ళనా?"

"వెళ్ళండి. పెళ్ళాం గురించి మొగుడికి ఏం తెలుసో అడుగుతారట. ఒక్కదానికైనా జవాబు చెప్పి రండి, చూస్తాను."

విసవిసా వెళ్ళిపోయాడు. నలభై రెండేళ్ళలో టైలరమ్మ ఆయనకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. లేచి వెనకాలే పరిగెత్తమని కాళ్ళు గోల పెట్టాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. చచ్చినా లేవను అనుకుంది.

పన్నెండుకి బెల్లు మోగింది. డెక్కు మీద పనిచేసే అమ్మాయి పొడుగు కర్ర తెచ్చి, గోడ గడియారం చిన్న ముల్లుని పదకొండు మీదికి నెట్టి, తన దారిన తాను పోయింది. అంతే. అంత తేలికగా ఒక గంట వచ్చిపడింది. ఎవరి కాగితంలోనూ లేని గంట. టైలరమ్మ ఆ ముల్లు వంక చూస్తూ ఉండిపోయింది. జన్మలో ఒకేఒక్కసారి ఆవిడ ఒక గంట కావాలని నోరు తెరిచి అడిగింది. అప్పుడు ఇవ్వలేదు.

కాళ్ళు చాపుకుంది. ఓడ వెనక తెల్లటి నురుగు, కుట్టు విప్పిన చోట గుడ్డ మీద మిగిలే గీతలా, చాలా దూరం కనబడుతోంది. ఎంతసేపు చూసినా విసుగెత్తలేదు.

పావుగంట తర్వాత ఆయన వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"హాలు ఖాళీ. ఎవడో నేల ఊడుస్తున్నాడు. 'గంట ముందొచ్చారు తాతగారూ' అని నవ్వాడు! నన్ను! నేనెప్పుడైనా ఎక్కడికైనా గంట ముందు పోయానా?"

"గంట ఆలస్యంగానూ పోలేదు. అదే మీ గొప్ప. అదే నా ఖర్మ."

"ఏంటే, పొద్దుట్నించీ చూస్తున్నాను. ఏమైంది నీకు?"

"ఏమైందా?" టైలరమ్మ ఆయన వైపు తిరగలేదు. నీళ్ళ వైపే చూస్తూ అంది. "పంతొమ్మిదేళ్ళ కిందట మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్ళాం. గుర్తుందా? నా వేలు పట్టుకుని వదలట్లేదు. ఒక్క గంట ఉండి వస్తానండీ అన్నాను. మీరు గుమ్మంలో ఈ గడియారం పట్టుకుని నిలబడ్డారు. ఆరూ పది బండి మనకోసం ఆగదన్నారు. అమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విడదీసుకున్నాను. ఏడింటికి పోయింది."

ఆయన చెయ్యి జేబు మీదికి పోయి ఆగింది.

"తర్వాతి బండి ఏడున్నరకి ఉంది. ఆ సంగతి మీకంటే బాగా ఎవరికి తెలుసు?"

గాలికి ఆయన చేతిలో కాగితం రెపరెపలాడింది. స్టేషన్ మాస్టరు దాన్ని మడిచాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదే."

"ఆ రోజే అడిగాను కదా. అడిగితే ఇవ్వని మనిషికి మళ్ళీ చెప్పేదేముంది?"

ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. కూలబడ్డాడు అనాలి. గడియారం తీశాడు, ముల్లు తిప్పే మీట పైకి లాగాడు. పెద్ద ముల్లుని వెనక్కి ఒక చుట్టు తిప్పాడు.

"అది తిప్పితే ఆ గంట వస్తుందా?" అంది టైలరమ్మ.

"రాదు."

"రాదు. ఈ గంట కూడా మీరిచ్చింది కాదు. మీరు తిప్పుకున్నా, మానుకున్నా ఇది నాదే. ఉండాలనుంటే నోరు మూసుకుని ఉండండి."

ఉన్నాడు. ఆశ్చర్యం! జేబులో చెయ్యి పెట్టకుండా, కాలు ఆడించకుండా, కాగితం పిర్ర కింద వేసుకుని మరీ కూర్చున్నాడు. ఇద్దరూ నీళ్ళు చూశారు.

రెండో పన్నెండుకి బెల్లు మోగింది. ఆయన అలవాటుగా సగం లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కాసేపటికి మైకులో వాళ్ళ గది నంబరు చదివారు. జంటల పోటీకి ఇంకా ఒక జంట రావాలట, వెంటనే రమ్మన్నారు. రెండోసారి చదివారు. అంతమందిలో ఆలస్యం అనిపించుకున్నది ఎవరు? స్టేషన్ మాస్టరు! ఆయన చెవులు ఎర్రబడటం టైలరమ్మ ఓరకంట చూసింది. కావాలనే కాళ్ళు ఇంకాస్త ముందుకి చాపింది. రమ్మంటే మాత్రం ఊరుకునేది లేదని మాట సిద్ధం చేసుకుంది.

మూడోసారి కూడా పిలిచారు.

"పోనీలే," అన్నాడు ఆయన మెల్లగా, సముద్రం వంక చూస్తూనే. "నువ్వు కూర్చో. తర్వాతి బండికి వెళ్దాం."

సిద్ధం చేసుకున్న మాట టైలరమ్మ గొంతులోనే ఉండిపోయింది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. మెత్తబడనూ లేదు.

"పంతొమ్మిదేళ్ళు ఆలస్యం, మాస్టరుగారూ," అంది.