పదిహేను వందల పదిహేడు ముక్కల బొంత

మా కుట్టు గదిలో నేల కనిపించి నాలుగు రోజులైంది. ఇంట్లో అందరి పాతబట్టల్లోంచీ అమ్మ రెండంగుళాల చదరాలు కత్తిరించి పరిచింది. వాటిని బొంతగా కుట్టాల్సింది నేను. దర్జీని కదా, తేడా వస్తే మాట పడేదీ నేనే. ముక్కలు మొత్తం పదిహేను వందల పదిహేడు. ఎవరి ముక్కా మిగిలిపోకూడదు, అంచులు తిన్నగా ఉండాలి, అదీ అమ్మ పట్టు.

"ఎన్ని వరసలు వెయ్యాలే?" అని చెల్లిని అడిగాను. అది లెక్కల టీచరు. రెండుతో మొదలుపెట్టి ముప్పై ఒకటి దాకా భాగించి పెన్సిల్ పడేసింది.

"దేనికీ పోవట్లేదక్కా. ప్రధాన సంఖ్య. ఒక్కటి తీసేస్తే నాలుగు వరసలొస్తాయి, వరసకి మూడొందల డెబ్బై తొమ్మిది."

"అది బొంతా, కొలత టేపా?"

"అయితే ఐదు తీసెయ్. ముప్పై ఆరు వరసలు, వరసకి నలభై రెండు."

ఎవరివి తీయాలి? చెల్లి మొగుడు బస్సు డ్రైవరు. పెళ్ళై మూడు నెలలైనా ఇంకా మొహమాటమే, గుమ్మం దగ్గరే కూర్చుంటాడు.

"నావి తీసెయ్యండి వదినగారూ. సరిగ్గా ఐదే ఉన్నాయి," అన్నాడు నవ్వుతూ.

కళ్ళు జిగేలుమనే పసుపు చొక్కా ముక్కలవి. ఆ చొక్కాని అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనే. ఆ నవ్వు చూసి నాకు సిగ్గేసింది.

"పోనీ నాలుగు కలిపితే?" అంది చెల్లి. "ముప్పై తొమ్మిది వరసలు, వరసకి ముప్పై తొమ్మిది."

"పాతవి అయిపోయాయి. కొత్త గుడ్డ వేస్తే ఉతగ్గానే ముడుచుకుపోయి పక్కవాటిని లాగేస్తుంది," అంది అమ్మ.

నాకు తిక్క రేగింది. ఉన్నవాటినే ముప్పై తొమ్మిది వరసలుగా పరిచేశాను. చివరి రెండు వరసల్లో రెండేసి తక్కువై మూలన ఖాళీ మిగిలింది. గుడ్డ చాలకపోతే దర్జీ ఏం చేస్తుంది? ఒకచోట తీసి ఇంకోచోట అతుకుతుంది. ఆ రెండు కురచ వరసలనూ ఎత్తి, నిలువుగా తిప్పి పక్కన చేర్చాను. పైన మిగిలినవి ముప్పై ఏడు వరసలు. నేను తిప్పినవాటిలోనూ ముప్పై ఏడేసి ముక్కలే. ఇప్పుడు వరసకి నలభై ఒకటి. ఒక్కటీ మిగల్లేదు!

"ముప్పై ఏడా!" చెల్లి తల పట్టుకుంది. "విసుగొచ్చి ముప్పై ఒకటి దగ్గర ఆపేశానే!"

"రేపు బళ్ళో మీ పిల్లలకి ఈ సంగతి కూడా చెప్పు," అన్నాను. పగలబడి నవ్వుకున్నాం.

అమ్మ మాత్రం వేళ్ళు మడుస్తూ కూర్చుంది. "ముప్పై ఏడూ బేసే, నలభై ఒకటీ బేసే. అంటే నట్టనడుమ ఒక ముక్క ఉంటుంది కదూ?"

నిజమే. ఆ ఐదూ తీసేసి ఉంటే నడుమ కుట్టే తప్ప ముక్క ఉండేది కాదు.

"బాబూ, నీ పసుపుది ఒకటి తీసుకుని ఇలా రా," అంది అమ్మ. అతను గోడవారగా కాలివేళ్ళ మీద నడుచుకుంటూ లోపలికి వచ్చాడు. మోకాళ్ళ మీద వంగి, అమ్మ చూపించిన చోట ఆ ముక్క పెట్టాడు.

"ఇప్పుడు తియ్యమను చూద్దాం, ఎవరు తీస్తారో!" అంది అమ్మ.

సంతోషంతో నా కళ్ళు చెమర్చాయి. ముందుగా ఆ ముక్కనే కుట్టాను.