సలోమి గొంతు నా దగ్గరుంది

నేను ఒక డేటాబేసును. మీరు వెబ్‌పేజీలు చూసే బ్రౌజరులోనే, మీ కంప్యూటరు లోపలే ఉంటాను. పేజీ మూసేసినా, ఇంటర్నెట్ పోయినా, నాకు అప్పగించినవి చెక్కుచెదరకుండా దాచిపెట్టడం నా పని. నన్ను చేసింది ఒంగోలులో ఇంజనీరింగు చదువుతున్న కెజియా. నా పేరూ, వెర్షను సంఖ్యా ఇచ్చి, నన్ను తెరవమని ఒక్క వరుస కోడు రాసింది. ఆ పేరుతో అప్పటికి ఏదీ లేదు గనక బ్రౌజరు నన్ను అక్కడికక్కడే పుట్టించింది. నా పేరు ‘గొంతు’.

ఆ గొంతు కెజియా పెద్దమ్మ సలోమిది. ఏళ్ళ తరబడి బస్టాండు మైకు ముందు కూర్చుని, ఏ ఊరి బస్సు ఎక్కడ ఆగిందో చెప్పిన మనిషి. ఆమె ముఖం ఎరగనివాళ్ళు కూడా ఆ గొంతు విని సంచులు సర్దుకునేవారు. అలాంటి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణం దక్కుతుందనీ, మాట మాత్రం రాదనీ డాక్టర్లు చెప్పారు.

“అయితే పొయ్యేలోపే మాట్లాడి పెడతా,” అంది సలోమి. “కానీ నా గొంతు ఎవురి కంప్యూటర్లోనో ఉండటానికి వీల్లేదే. మనింట్లోనే ఉండాల.”

అందుకే కెజియా ఆ మాటల్ని ఎక్కడికో పంపకుండా, పెద్దమ్మ ఇంట్లోని లాప్‌టాప్‌లో ఉన్న నాకు అప్పగించింది. వాక్యం టైపు చేసి, మీట నొక్కి, మాట్లాడితే చాలు, ఆ వాక్యాన్నీ గొంతునూ జతగా దాచుకుంటాను. తర్వాత ఆ వాక్యం మీద నొక్కితే సలోమి పలుకుతుంది.

‘నీళ్ళు కావాలి’, ‘నొప్పిగా ఉంది’ లాంటివి కెజియా సిద్ధం చేసింది. సలోమి వాటిని గబగబా ముగించేసి, సొంతవి మొదలుపెట్టింది. “ఏమయ్యా, పిలిస్తే పలకవేంది?” “మళ్ళీ ఆ చొక్కానేనా?” “కూరలో ఉప్పు నీ అమ్మ వచ్చి ఏస్తదా?” మాట పోతుందని తెలిసినప్పుడు మనుషులు గొప్ప గొప్ప మాటలు దాచుకుంటారనుకున్నాను. ఆమె మొగుణ్ణి సాధించడానికి కావలసినవన్నీ ముందుగా సర్దుకుంది. ఆ మొగుడు దానియేలు, బస్సు డిపోలో మెకానిక్కు, గుమ్మంలో కూర్చుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

గుంటూరులో ఆపరేషను బాగా జరిగింది. ఆమె ఆస్పత్రిలో ఉండగా, అన్ని వాక్యాల్లో కావలసింది వెతుక్కోవడం కష్టమని కెజియాకు తోచింది. ఇంటివి, ఆస్పత్రివి, తిట్లు అని విడదీయాలనుకుంది. నా లోపలి అమరిక మార్చాలంటే వెర్షను సంఖ్య పెంచి నన్ను మళ్ళీ తెరవాలి. కోడు అలాగే మార్చి, పెద్దమ్మ ఇంటికి రాగానే అందరి ముందూ పేజీ తెరిచింది.

ఏమీ రాలేదు. తెరుచుకున్నానని గానీ తెరుచుకోలేనని గానీ నేను చెప్పలేదు. తెర తెల్లగా ఉండిపోయింది. నొక్కుదామని చాచిన సలోమి వేలు గాలిలోనే ఆగింది.

పక్కవాటాలో ఉండే సుబ్బరాయుడు గారు లోకంలోని ప్రతి యంత్రానికీ సలహా చెప్పగలరు. “ఏం లేదమ్మాయ్, మొత్తం క్లియర్ చేసెయ్యి. ఫ్రెష్షుగా వస్తది. మా ఫోన్లన్నిటికీ నేనట్టే చేస్తా,” అంటూ మౌసు అందుకుని, డేటా చెరిపే మీట దాకా వెళ్ళిపోయారు. ఆ ఒక్క నొక్కుతో నేనూ ఉండను, ఆ గొంతూ ఉండదు.

సలోమి అరవబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని మౌసు మీదనుంచి లాగేసింది.

“ఆగండి బాబాయ్ గారూ!” అంది కెజియా. కూర్చుని, నన్ను తెరిచే వరుస కింద మరో వరుస రాసింది. దేనివల్లయినా ఆగిపోతే ఆ సంగతి చెప్పమని. పేజీ మళ్ళీ తెరవగానే చెప్పాను: అడ్డుంది. పాత వెర్షనుతో నన్ను పట్టుకుని మరో బ్రౌజరు కిటికీ తెరిచే ఉంది. అది వదిలితే తప్ప నేను మారకూడదు. నాకున్న నియమం అది.

“పెదనాన్నా, ఈ పేజీ ఇంకెవురైనా తెరిచారా?”

దానియేలు తల దించుకున్నాడు. “మధ్యాన్నం అన్నానికొచ్చినప్పుడల్లా మీ పెద్దమ్మ గొంతు ఇంటన్నా అమ్మా. మూయబుద్ధి కాలా. కిందికి దించి పెట్టా.”

కెజియా ఆ కిటికీని పైకి తెచ్చింది. ‘ఏమయ్యా, పిలిస్తే పలకవేంది?’ అన్న వాక్యం దగ్గర ఆగి ఉంది. సలోమి మొగుడి వంక చాలాసేపు చూసింది. తర్వాత తనే ఆ కిటికీ మూసింది.

ఆ క్షణంలో నేను విడుదలయ్యాను. లోపల కొత్త అరలు లేచాయి, వాక్యాలన్నీ వాటి వాటి చోట్లకు చేరాయి, తెరుచుకున్నానని గట్టిగా ప్రకటించాను. తెర నిండిపోయింది. సలోమి తిట్ల అరలోకి వెళ్ళి ఒకటి నొక్కింది.

“మళ్ళీ ఆ చొక్కానేనా?”

ఇల్లంతా ఘొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది దానియేలే.

ఆ తర్వాత గుంటూరు ఆస్పత్రికి మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, కెజియా నన్నూ తీసుకెళ్ళింది. వార్డులో పోలయ్య అని ఒకాయన, కొత్తపట్నం తీరంలో చేపల వేలం పాడే మనిషి, అదే ఆపరేషనుకు ఒప్పుకోకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. “గొంతు లేని పోలిగాడు యాడికి పోవాల? నన్నిట్టా పోనీయండి,” అంటున్నాడు.

సలోమి లాప్‌టాప్ ఆయన మంచం మీద పెట్టింది. ఆపరేషనుకు వెళ్ళే ముందు, గది తలుపేసుకుని, తనకోసం తాను చెప్పుకున్న వాక్యం ఒకటి నా దగ్గర ఉంది. అంతవరకూ ఎవరికీ వినిపించలేదు. అది నొక్కింది.

“లెగు. బతికుండావుగా, ఇంకేం కావాల నీకు? లెగు.”

పోలయ్య ఇటు తిరిగాడు. ఆమె మెడనున్న కట్టును చూశాడు, లాప్‌టాప్‌ను చూశాడు. మెల్లగా లేచి కూర్చున్నాడు.

“ఇది నీ గొంతేనా అక్కా?”

ఆమె తలూపింది.

“అయితే ముందు నాది దీంట్లో ఎక్కించండి. ఆ తర్వాత కోసుకోమనండి.”

కెజియా ఆయన కొడుకు ఫోనులో మా పేజీని పెట్టి, ఆ ఒక్క వరుస కోడును నడిపించింది. నాకో తోబుట్టువు పుట్టింది. పోలయ్య గొంతు సవరించుకున్నాడు.

“సందువా చేపయ్యో! ఇప్పుడే ఒడ్డుకొచ్చింది, చూసుకోండి! ఒకటోసారీ... రెండోసారీ...”

వార్డంతా లేచి కూర్చుంది. కేకలేమిటని కోప్పడటానికి పరిగెత్తుకొచ్చిన నర్సు కూడా, మూడోసారి కోసం గుమ్మంలోనే నిలబడిపోయింది.