ముప్పై ఒకటో గడి

ప్రతి నెలా ఒకటో తారీకు పొద్దున్నే అత్తగారు స్కేలూ పెన్సిలూ పట్టుకుని వంటింటి క్యాలెండర్ ముందు నిలబడేవారు. కోడలు నెలకి నాలుగు రోజులు సైన్యం విమానం నడిపేది, మిగతా రోజులు ప్రయాణికుల విమానం. ఇంటిపట్టున ఉండడానికి రోజంటూ మిగిలేది కాదు. అందుకని ఆవిడ నెలాఖరున ఇంకో గడి గీసేవారు. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసిన చెయ్యి, గీత వంకరపోయే ప్రశ్నే లేదు. గీసిన ఆ రోజు నిజంగానే వచ్చేది. బస్సులు తిరిగేవి, పేపరు పడేది, కోడలు మధ్యాహ్నందాకా ముసుగుతన్ని పడుకునేది. అత్తగారు ఫోను మోగకుండా కాపలా కాసేవారు.

సైన్యంలో కోడలికి ఆఖరి నెల వచ్చింది, ముప్పై రోజుల నెల. వయసు తీరిపోతోంది. ఇంకొక్క రోజు పనిచేస్తే ఇరవై ఏళ్లూ నిండుతాయి. నిండకపోతే పింఛనూ లేదు, పటాలం వీడ్కోలు వందనమూ లేదు. ఆ రోజు ముప్పయ్యో తారీకు.

సరిగ్గా అప్పుడే నోరు జారింది. శనివారం సైనికుల్ని పారాచూట్లతో దూకించి, ఆదివారం ప్రయాణికుల విమానంలో మైకు పట్టుకుని, "అందరూ లేచి హుక్కులు తగిలించుకోండి, తలుపు తెరుస్తున్నాం" అనేసింది. ఒక పెద్దాయన నిజంగానే లేచి నిలబడ్డాడట. కంపెనీవాళ్లు మళ్లీ పరీక్ష రాయమన్నారు. ముప్పయ్యో తారీకునే!

కొడుకు తల పట్టుకున్నాడు. కోడలు యూనిఫాం మడతపెడుతూ ఏడ్చేసింది. ఇరవై ఏళ్లలో ఆమె ఏడవడం అత్తగారు చూడలేదు.

"ముప్పై ఒకటిన వస్తానని సైన్యంవాళ్లకి చెప్పమ్మాయ్."

"అది మన రోజు అత్తయ్యా. ఆ ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు."

"అందుకే ఇస్తున్నా. మారుమాట్లాడకుండా తీసుకో."

సైన్యంవాళ్లు సరేనన్నారు. ముప్పయ్యో తారీకున కోడలు పరీక్ష గట్టెక్కింది; ఆ రోజంతా కొండలమీద మంచు కమ్మి ఒక్క విమానమూ లేవలేదు. అక్కడి శిబిరంలో ఒక సైనికుడి భార్యకి బిడ్డ అడ్డం తిరిగింది, ఆమెని కొండ దింపే దారి లేదు. మర్నాడు తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మంచుకి ఆ తారీకు సంగతి తెలియదు కాబోలు. కోడలు వెళ్లి, చిన్న మైదానంలో విమానం దించి, ఆమెని ఆసుపత్రికి చేర్చింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. గుమాస్తా పుట్టిన తేదీ ముప్పై ఒకటి అని రాసుకున్నాడు.

కోడలు ఇంటికొచ్చి ఈ కబురు చెబితే అత్తగారు గర్వంగా రెండోసారి చెప్పించుకున్నారు. ఇక నెలకి నాలుగు రోజులు మిగులుతాయి, గడులు గీసే పని తప్పిందనుకుంటున్నారు ఆవిడ. అంతలో గుర్తొచ్చింది.

"అయ్యో, ఆ పిల్లకి ఏటా పుట్టినరోజు రావద్దూ?"

"మీరు గీస్తారుగా."

"నేనెన్నాళ్లుంటానే? ఇలా కూర్చో."

కోడలు పాత కాగితంమీద స్కేలు ఆనించింది. కొండల మధ్య విమానం దించిన చెయ్యి మొదటి గీతనే వంకరగా గీసింది. అత్తగారు రబ్బరుతో చెరిపేసి, ఆ చేతిమీద తన చెయ్యి వేసి, మళ్లీ గీయించారు.