రెండో అద్దం

తుపాకీ గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి లాగుతూనే ఆయన వ్యాన్ డ్రైవరు మీద మళ్ళీ కేకలేశాడు.

"నా తుపాకుల సంగతి నేను చూసుకుంటాను. ముందు ఆ అద్దం కట్టు. ఇంకో దుప్పటి చుట్టు. అది పగిలిందా, నా కాపురం గంగలో కలిసినట్టే!"

డ్రైవరు నవ్వాడు. ఆయన నవ్వలేదు.

సినిమాలకు పాత తుపాకులూ పాత సామానూ అద్దెకిచ్చే షాపులోనే ఆయన జుట్టు నెరిసింది. షూటింగుల్లో అందరికీ తుపాకీ బాబాయ్. బక్కపలచటి మనిషి. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నూనె నలుపు పోదు. పేలుళ్ళు విని విని ఎడమ చెవి సగం పనిచేయదు. ఇవన్నీ సరే, ఆయనకు ఇంకో జబ్బుంది. యజమాని "ఫలానా వస్తువు మన దగ్గర లేదే" అని నుదురు చిట్లిస్తే చాలు, "మా ఇంట్లో ఉందండీ" అనేస్తాడు. ఎవరడిగారయ్యా నిన్ను? అలాగే భార్య పుట్టింటి గోడగడియారం వెళ్ళి, లోలకం పోగొట్టుకుని వచ్చింది. చెక్కపెట్టె వెళ్ళి ఏదో సినిమాలో తగలబడిపోయింది. పైగా ఆ సినిమాకు ఆవిడనే తీసుకెళ్ళి, "చూడు చూడు, మన పెట్టె!" అని చీకట్లో మోచేత్తో పొడిచాడు కూడా.

చివరికి మిగిలింది ఆవిడ వాళ్ళమ్మ నిలువుటద్దం. పొద్దున దాన్ని మోసుకుపోతుంటే ఆవిడ అడ్డం రాలేదు.

"ఏమండీ, ఇది తిరిగి రాకపోతే నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. బెదిరింపు కాదు, ముందే చెబుతున్నాను."

"అబ్బ, పగిలేది నకలు అద్దమే. మనది ఊరికే హీరో మొహం చూసుకోవడానికి. నాదీ పూచీ."

నిజమే, నకలు ఉంది. వడ్రంగి అచ్చు గుద్దినట్టు చేశాడు. మొహం చూసుకునే షాటుకు అసలుది, పగిలే షాటుకు నకలు. తుపాకీలో ఉండేది ఉత్త మందే, గుండుండదు. పేలగానే కెమెరా పక్కనున్నవాడు ఉండేలుతో ఇనుప గోళీ కొడతాడు, అద్దం పగులుతుంది. లైట్లు కళ్ళల్లో కొట్టకుండా రెండింటికీ సబ్బునీళ్ళు పూశారు. ఆ తర్వాత ముందు నుంచి చూస్తే ఏది ఏదో కన్నతల్లికి కూడా తెలియదు.

తుపాకీ మనిషికి ఒకటే నియమం. హీరో చేతికిచ్చింది మొదలు మళ్ళీ తన చేతికి వచ్చేదాకా తుపాకీ మీంచి చూపు తిప్పకూడదు. ఎప్పుడో ఎవడో పక్కకు చూశాడని ఒకడి కన్ను పోయింది. ఆయన మాత్రం రెప్ప కూడా వేయడని పేరు. ఈ రోజూ వేయలేదు. అందుకే హీరో ఎదురుగా ఏ అద్దం తెచ్చి నిలబెట్టారో చూడలేదు. ఢామ్మని పేలింది. భళ్ళుమంది. చప్పట్లు కొట్టారు. ఆయన తుపాకీ అందుకుని, తెరిచి చూసి, పెట్టెలో పెట్టి, తాళం వేసుకుని, అప్పుడు తలెత్తాడు. గోడవార క్షేమంగా నిలబడ్డ అద్దం వెనక చెక్క కొత్తది.

పగిలింది అసలుదన్నమాట.

"అయ్యో బాబాయ్, మనవాళ్ళు తారుమారు చేసినట్టున్నారు," అన్నాడు షూటింగు మేనేజరు. "పోనీ ఇది పట్టుకుపో. పాతది పోయి కొత్తదొచ్చింది, నీకే లాభం!"

యజమానికి ఫోన్ చేస్తే, "తుపాకులు బాగున్నాయి కదా?" అన్నాడు. బాగున్నాయండీ, అన్నాడు ఈయన. ఇంకేం అనగలడు, అనడం చేతనైతే కదా!

షాపుకెళ్ళి ఆ కొత్త చెక్కకు తుపాకీనూనె, టీ మడ్డి కలిపి రుద్దాడు. ఓ మూల కత్తితో పెచ్చు లేపాడు. కొత్తదాన్ని పాతది చేయడం ఆయనకు చెయ్యి తిరిగిన పని. సాయంత్రం దాన్ని ఇంట్లో పాత చోటే నిలబెట్టి, "చూశావా, చెప్పానా!" అన్నాడు. సిగ్గు కూడా పడలేదు మహానుభావుడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి అద్దం ముందు నిలబడింది. చాలాసేపు చూసుకుంది.

"మా అమ్మ అద్దంలో నా మొహం కాస్త వంకరగా కనబడేదండీ," అంది. "చిన్నప్పట్నుంచీ అదే నా మొహం అనుకున్నాను. ఇందులో తిన్నగా ఉంది."

"అది కాదే, తుపాకీ మీంచి చూపు తిప్పకూడదు కదా, అందుకని..."

"మీ పని మీరు బాగానే చేశారు. పెంకులు మూటగట్టి తెచ్చి, పగిలింది అని చెప్పినా ఉండిపోయేదాన్నేమో. ఇదేమిటండీ, నకలు తెచ్చి నా ముందు పెడతారా?"

ఆవిడ లోపలికెళ్ళి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇంతలో ఫోన్ మోగింది. యజమాని.

"రేపటికి పాత కుట్టుమిషను కావాలట. ఎక్కడైనా దొరుకుతుందా?"

వినపడక ఆయన ఫోన్ కుడి చెవికి మార్చుకుని, గోడవైపు తిరిగి, "చూస్తానండీ, అలాగేనండీ," అన్నాడు. ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి గది ఖాళీగా ఉంది. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది.

అద్దం అడుగు పలక మీద ఆవిడ తాళంచెవి ఉంది, ఎప్పుడూ వేలికి చుట్టుకునే నీలం దారంతో సహా.