మూడు సున్నాలు

నిన్న ఒక్క పూటలో దండెం మీద బట్టలు మూడుసార్లు తీశాను. ఆరేసి కిందికి దిగానో లేదో కొండల మీద నుంచి గాలి, గాలి వెనకే నాలుగు చినుకులు. పరిగెత్తి తెచ్చి మంచం మీద పడేసేసరికి ఏమీ ఎరగనట్టు మళ్లీ ఎండ. మావారు ఫోన్ చూపించి, "ఇందులో రోజంతా ఎండ అనే ఉంది. నీదంతా కంగారు" అన్నారు. ఆయన చొక్కా తడి కాలరుతో నా చేతిలోనే ఉంది. ఎండాకాలం మొదట్లో మా ఊరింతే. ఒక పక్క కొండలు, ఇంకో పక్క కనుచూపు మేర మైదానం. ఎవరి మాట చెల్లాలో తేలక రెండూ రోజూ పోట్లాడుకుంటాయి, మధ్యలో మా డాబా తడిసి ఆరి, ఆరి తడుస్తుంది. ఈ రోజుల్లో నాకూ అలాగే ఉంటుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు.

డాబా మీద నాకు బట్టలు కాక ఇంకో పని ఉంది. వాతావరణ కార్యాలయం వాళ్లు పెట్టిన వర్షమాపకం. ఇంట్లో అందరూ దాన్ని డబ్బా అంటారు. పైన గరాటు, లోపల సీసా, ఆ నీళ్లు కొలవడానికి గీతలున్న గాజుగ్లాసు. మామగారు హెడ్మాస్టరుగా రిటైరైన ఏడాది, నమ్మకమైన మనిషని ఆయన్ని అడిగి పెట్టారు. నేను కాపురానికొచ్చిందీ అప్పుడే. పదిహేను రోజులు ఆయనే మెట్లెక్కి కొలిచారు. పదహారో రోజున మోకాళ్లు పట్టేశాయి. "అమ్మాయ్, ఆ నీళ్లు కాస్త చూసిరా. నువ్వూ ఏదో సైన్సు చదివావుగా" అన్నారు. ఆ కాస్తకి పదకొండేళ్లు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి నేను కొలుస్తాను, నేను రిజిస్టర్లో రాస్తాను, నెలాఖరున ఆయన సంతకం పెడతారు. వడగళ్లు పడితే ఎన్ని వేడినీళ్లు కొలిచి పోసి కరిగించాలో, ఆ నీళ్లని మళ్లీ లెక్కలోంచి ఎలా తీసెయ్యాలో వాళ్లిచ్చిన పుస్తకం చదివి నేర్చుకున్నాను. చుట్టాలొస్తే మామగారు, "నేను కొలిచినంతలో ఈ ఏడు వాన తక్కువేనండీ" అంటారు. నేను కాఫీ గ్లాసులు అందిస్తుంటాను.

అందుకు నేను బాధపడిన రోజులు పెద్దగా లేవు. ఆ అయిదు నిమిషాలు నావి, అంతే చాలనుకున్నాను. టిఫిన్ల తర్వాత, గిన్నెలకి ముందు. గాజుగ్లాసు కంటికి సమానంగా పట్టుకుని నీళ్లు ఏ గీత దగ్గర ఆగాయో చూస్తున్నప్పుడు కింద నుంచి ఎవరు పిలిచినా పలకను. పిలిస్తే పలకనక్కర్లేని చోటు నాకు అదొక్కటే.

కిందటి నెల చెల్లెలి కాన్పుకి మూడు రోజులు వెళ్లాను. ఫ్రిజ్‌లో ఏ గిన్నెలో ఏముందో చీటీ రాసి తలుపుకి అంటించి, చివర "ఎనిమిదిన్నరకి వాన కొలవండి" అని రాసి కింద గీత కూడా గీశాను. తిరిగొచ్చి చెప్పులు విడిచి ముందు డాబా ఎక్కితే సీసాలో నీళ్లున్నాయి. కొలిస్తే యాభై ఎనిమిది మిల్లీమీటర్లు. రిజిస్టర్లో మామగారి చేతిరాతతో మూడు సున్నాలు. ఆ వానలు తెల్లవారుజామున పడ్డాయి. ఆయన లేచేసరికి కిటికీలో ఎండ, కుర్చీలోంచే రాసేశారు. నేను దిద్దబోతే మావారు ఆపారు. "పెద్దాయన రాసింది కొట్టేస్తావా? మూడు సున్నాలకి కొంపలేం మునిగిపోవులే." పెన్ను మూత పెట్టేశాను. ఆ యాభై ఎనిమిదిని మాత్రం వంటింటి క్యాలెండర్లో, గ్యాసు బండ వచ్చిన తేదీ కింద గడిలో రాసుకున్నాను.

ఇవాళ ఉదయం ఎనిమిది దాటాక కార్యాలయం నుంచి ఒకాయన వచ్చారు. భుజాన సంచీ, బూట్లకి బురద. మా రిజిస్టరు అడిగి తీసుకుని, తనతో తెచ్చిన కాగితాలు పక్కన పరిచారు.

"సార్, కిందటి నెల ఈ మూడు రోజులూ పైన కొండ మీద వాన. కింద మైదానంలో తోటలు మునిగాయి. మధ్యలో మీ ఒక్కరి దగ్గరే సున్నా. ఇది తప్పయితే మిగతావి ఎట్లా నమ్మమంటారని మా పైవాళ్లు అడుగుతున్నారు. పరికరం తీసుకొచ్చెయ్యమన్నారు."

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజుల్లో నాకు ఒంట్లో బాగోలేదండీ. మా కోడలికి అప్పజెప్పాను. చూసుండదు."

మావారు నవ్వేశారు. "ఇంటి పనిలో పడితే వీళ్లకి వానొచ్చిందీ లేందీ ఏం తెలుస్తుందండీ, దండెం మీద బట్టలు తడిస్తే తప్ప."

వచ్చినాయన మర్యాదకి కాస్త నవ్వారు. నేను కాఫీ పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డాను. మాట్లాడకపోతే మామగారి పెద్దరికం నిలుస్తుంది. మావారు సాయంత్రం ఒక మాట మెత్తగా మాట్లాడతారు. రేపు డబ్బా వెళ్లిపోతుంది. దాని చోట ఇటుకల మీద ఒక గుండ్రటి మచ్చ మిగులుతుంది, ఎనిమిదిన్నర గిన్నెల వేళలో కలిసిపోతుంది. నోరు మూసుకోవడం నాకు కొత్త కాదు. కానీ ఇంతవరకూ నేను చేసిన పని ఆయన పేరు మీద పోయింది. ఇవాళ మొదటిసారి ఆయన చేసిన తప్పు నా పేరు మీదకి వచ్చింది.

వచ్చినాయన పేజీలు వెనక్కి తిప్పుతున్నారు. "చేతిరాత కూడా తేడాగా ఉందే. మూడు సున్నాలూ ఒకరివి, మిగతావి ఇంకొకరివి." తలెత్తి నావైపు చూశారు. "ఈ మూడూ మీరు రాశారామ్మా?"

పళ్లెం బల్ల మీద పెట్టాను. వంటింట్లోకి వెళ్లి మేకుకున్న క్యాలెండర్ తీసుకొచ్చి, ఆ గడి మీద వేలు పెట్టి ఆయన ముందుంచాను.

"లేదండీ. మొదటి పదిహేను రోజులూ, ఈ మూడు రోజులూ మామయ్యగారివి. మిగతా పదకొండేళ్లూ నావి. మూడు రోజులకీ కలిపి యాభై ఎనిమిది పడింది. ఏ రోజుకి ఎంతో నేను చెప్పలేను, నేను లేను."

మామగారు కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు. వచ్చినాయన క్యాలెండర్ని, రిజిస్టర్ని పక్కపక్కన పెట్టి అంకెలు చాలాసేపు చూశారు.

"తీసెయ్యడం సంగతి నేను పైవాళ్లతో మాట్లాడతాను" అని గడియారం వైపు తలతిప్పారు. "టైమవుతోంది. ఇవాళ్టిది మీరు కొలిచి, మీరే సంతకం పెట్టండి. పదండి."

అప్పటికే కొండల వైపు నుంచి గాలి మొదలైంది. మెట్ల పైన రేకు మీద టపటపా నాలుగు చినుకులు.

"బట్టలు తడుస్తున్నాయి" అన్నారు మావారు, ఎప్పటిలాగే నాతో.

"మీరు తియ్యండి" అని, గాజుగ్లాసు పట్టుకుని మెట్లెక్కాను.